వాన పడని రోజు కూడా రాసిపెట్టు

చి॥ సౌ॥ సుజాతకు పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నిన్న మీ నాన్న ఫోన్ చేసి, మాటల్లో మాటగా నువ్వు కదిరిలో ఇంటి పెరట్లో వెదర్ స్టేషన్ పెడుతున్నావని చెప్పాడు. సామాను వచ్చేసిందంట, మిద్దె మీద ఇనుప గొట్టం నిలబెట్టడానికి మేస్త్రీతో మాట్లాడావంట. ముప్పై ఏళ్ళు మండల ఆఫీసులో వాన కొలిచి రిజిస్టరుకు ఎక్కించినవాణ్ణి. ఆ పని మళ్ళీ మన ఇంట్లో ఒకరి చేతికి వస్తుందని అనుకోలేదు. మీ పెద్దమ్మకు చెబితే ఆమె కూడా మురిసిపోయింది. కానీ ఆ ఇనుప గొట్టం మాట విన్నప్పటి నుంచి నాకు రాత్రి నిద్ర లేదు.

ముందు మేస్త్రీని ఆపు. గాలి వేగం పది మీటర్ల ఎత్తున కొలవాలన్నది నిజమే. వాతావరణ శాఖ కేంద్రాల్లో అలాగే కొలుస్తారు. వాళ్ళ స్తంభాలకు పిడుగు భూమిలోకి దిగిపోయే దారి వేసి ఉంటుంది. నీ గొట్టం చుట్టుపక్కల మిద్దెలన్నిటి కంటే ఎత్తున ఒంటరిగా నిలబడుతుంది. పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ వేయించకుండా దాన్ని ఎత్తొద్దు. ఎత్తిన తర్వాత కూడా, ఆకాశంలో ఉరుము ఉండగా రెక్క ఇరుక్కుందనో వైరు ఊడిందనో పైకి పోవద్దు. మెరుపుకూ ఉరుముకూ నడుమ మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. అది చూసి దూరంగా ఉందిలే అనుకోవద్దు. ఉరుము చెవిన పడిందంటే పిడుగు నీదాకా రాగలదు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట ఆగు. మీ తాత తమ్ముడు చింతచెట్టు కింద గొర్రెలతో నిలబడి ఉండగా పిడుగు పడి చనిపోయాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఆయన తలగుడ్డ ఒక్కటి ఇంటికి తెచ్చారు, దాని అంచు కాలి ముడుచుకుపోయి ఉండింది. మీ నాన్న అప్పటికి పుట్టలేదు, అందుకే నీకు ఎవరూ చెప్పి ఉండరు. గాలి లెక్క తక్కువైతే ఎవరికీ నష్టం లేదు తల్లీ. నువ్వు కింద ఉండు.

మిగతావి నీకు తెలిసినవే. థర్మామీటరు డబ్బాను పడమటి గోడకు తగిలిస్తే అది గాలి వేడి చెప్పదు, గోడ వేడి చెబుతుంది. ఆ గోడ పగలంతా తాగిన ఎండను రాత్రి పది దాకా వదులుతూనే ఉంటుంది. డబ్బా గోడకు దూరంగా, నీ ఛాతీ ఎత్తున, మట్టి మీద ఉండాలి. మీ పెరట్లో సగం కడప బండలు పరిచారు కదా, వాటి పక్కన వద్దు. వాన కొలిచే రెయిన్‌గేజికి పైన ఆకాశం తెరిపిగా ఉండాలి. చెట్టయినా గోడయినా ఎంత ఎత్తుంటే కనీసం దానికి రెండింతల దూరం. పెరడు చిన్నది, వేపచెట్టు పెద్దది, అంత దూరం దొరకకపోవచ్చు. దొరికిన చోట పెట్టి, ఎక్కడ పెట్టావో, చెట్టు ఎంత దూరమో మొదటి పేజీలో రాయి. తర్వాత జరిపితే జరిపిన తేదీ రాయి.

ఇంకొకటి. మిషన్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు గాలి ఒత్తిడి 955 హెక్టోపాస్కళ్ళ దగ్గర చూపిస్తే, ఇంత తక్కువా, తుఫానేమో అని భయపడొద్దు. కదిరి సముద్రమట్టానికి దాదాపు అర కిలోమీటరు ఎత్తు. పైకి పోయేకొద్దీ ఎనిమిది తొమ్మిది మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. మీ ఊరి ఎత్తు మిషన్‌లో ఎక్కిస్తే అదే సరిచేసుకుంటుంది. నెల రోజులు చూస్తే నీకే ఒకటి కనిపిస్తుంది. ఆ ఒత్తిడి పొద్దున పదింటికి పెరిగి, సాయంత్రం నాలుగింటికి తగ్గి, మళ్ళీ రాత్రి పదింటికి పెరుగుతుంది. మబ్బున్నా లేకున్నా అంతే. నేను అది గమనించి ఎంత సంబరపడ్డానో, ఆఫీసులో చెప్పుకోవడానికి ఒక్కరు లేరు. నువ్వు చూసినప్పుడు నాకు చెప్పు.

నీ మిషన్‌లో గరాటు కింద రెండు చిన్న గిన్నెలు ఉయ్యాలబల్ల మాదిరి ఉంటాయి. ఒకటి నిండితే వాలి ఒలికిపోతుంది, రెండోది పైకొస్తుంది, ఆ వాలడాన్ని లెక్కపెట్టి వాన ఇంత అంటుంది. గరాటు గొంతులో ఒక్క వేపాకు ఈనె అడ్డం పడినా, సాలీడు గూడు కట్టినా, రాత్రంతా కురిసిన వాన దానికి తెలియదు, సున్నా చూపిస్తుంది. వారానికోసారి మూత తీసి చూడు. అందుకే పక్కనే మామూలు రెయిన్‌గేజి కూడా పెట్టు. నా దగ్గరున్న కొలత గ్లాసు, గరాటు మీ తమ్ముడితో పంపిస్తున్నా. ఆ గరాటు నోరు 200 చదరపు సెంటీమీటర్లు, అంటే ఒక మిల్లీమీటరు వానకు 20 మిల్లీలీటర్ల నీళ్ళు. గ్లాసు చదునైన చోట పెట్టి, కళ్ళు నీటి మట్టానికి దించి చూడాలి. నీళ్ళు అంచుల దగ్గర గాజును పట్టుకుని కొంచెం పైకి పాకుతాయి, నువ్వు నడిమి పల్లాన్నే చదవాలి. పొద్దున 8:30కి, ప్రతిరోజూ అదే వేళకు. నిన్న సాయంత్రం పడిన వాన కూడా ఈరోజు తేదీ కిందే పడుతుంది. కొత్తవాళ్ళు ఇక్కడే తడబడతారు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్నది. మీ నాన్నకు కూడా తెలియదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఆగస్టు నెల. చెనక్కాయ పూత మీద ఉంది, పూల కింద నుంచి కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగే సమయం. వాన మొహం చూసి పదిహేను రోజులు దాటింది. శనివారం సాయంత్రం మా మేనమామ కూతురి పెళ్ళికి పోయాను. ఆదివారం రీడింగ్ చూడమని ఎవరికీ చెప్పలేదు. సోమవారం మధ్యాహ్నం వచ్చేసరికి గరాటు కింది సీసాలో నీళ్ళు లేవు, గరాటులో ఎండిన దుమ్ము ఉంది. ఎదురు హోటలాయన ఆదివారం తెల్లవారుజామున నాలుగు చినుకులు పడ్డాయన్నాడు. రిజిస్టరులో ఆదివారం గడి ఖాళీ. ఖాళీగా వదిలితే నేను లేనని తెలుస్తుంది. 3 అని రాస్తే అనుమానం వస్తుందని 3.2 అని రాశాను. ఆ చుక్కా, ఆ రెండూ ఎందుకు పెట్టానో తల్లీ, చూసి రాసినట్టు కనపడాలని పెట్టాను.

రెండున్నర మిల్లీమీటర్లు, లేదా అంతకు మించి పడితే అది వాన పడిన రోజు కింద లెక్క. నా అంకెతో ఆ మండలంలో బెట్ట, అంటే వాన లేని రోజుల వరస, నడుమకు తెగిపోయింది. కాగితం మీద ఆదివారం వాన పడింది.

పది రోజులకు ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చాడు. చేతిలో వేర్లతో పీకిన చెనక్కాయ మొక్క. నా బల్ల మీద పెట్టాడు. ఊడలు భూమిలోకి దిగలేక వేలాడుతున్నాయి, కొసలు నల్లగా ఎండిపోయి సూదుల్లా ఉన్నాయి. ఒకదాన్ని వేలితో తాకితే పుటుక్కున విరిగింది. "ఆదివారం వాన పడిందని రాసినారంట సామీ, యాడ పడింది?" అన్నాడు. కోపంగా అడగలేదు, తెలుసుకోవడానికే అడిగాడు. నేను తల ఎత్తకుండా "ఆఫీసు కాడ పడింది" అన్నాను. ఆయన కాసేపు నిలబడి, "అయ్యుంటుందిలే సామీ, వాన గెనిమ గట్టుకు ఆపక్క పడి ఈపక్క పడదు" అని మొక్క బల్ల మీదే వదిలి పోయాడు. నమ్మాడు. తిట్టి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

ఆ రోజే ఆ అంకె కొట్టేసి, పక్కన సంతకం పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు. ఉద్యోగం పోతుందనుకున్నా. తర్వాత లెక్కలు పైకి పోయాయి. ఆ ఏడు ఆయనకు కరువు సాయం ఎంత దక్కిందో, నా అంకె వల్ల ఎంత పోయిందో కనుక్కునే ధైర్యం కూడా చెయ్యలేదు. ఆయన పేరు అడగలేదు.

అందుకే నీ నోటుబుక్కులో మూడు గుర్తులు పెట్టుకో. కొలిచి వాన లేకపోతే 0.0. తడి కనిపించి గ్లాసుకు అందకపోతే "చినుకులు". చూడలేకపోతే అడ్డగీత, పక్కన ఎందుకో ఒక్క మాట: "ఊరికి పోయాను", "జ్వరం", "మరిచిపోయాను". నెలకు పది అడ్డగీతలున్నా నేనేమీ అనను. మిషన్ అంకె, గ్లాసు అంకె వేరువేరుగా వస్తే రెండూ రాయి, దాన్ని చూసి దీన్ని దిద్దొద్దు.

ఎండలు ముదిరాయి, రోహిణి కార్తె ఇంకా పోలేదు. మధ్యాహ్నం పూట పెరట్లో గుంతలు తవ్వుతూ కూర్చోకు, సాయంత్రం చేసుకో, నెత్తికి గుడ్డ కట్టుకో. చిన్నప్పుడు నాతో ఆఫీసుకొచ్చి ఆ గరాటులోకి తొంగి చూసి "ఆకాశం దీంట్లో పడుతుందా పెద్దనాన్నా" అని అడిగేదానివి. ఆ గరాటే ఇప్పుడు నీ దగ్గరికి వస్తోంది. అంచు ఒకచోట సొట్ట పోయి ఉండింది, నిన్న సుత్తితో మెల్లగా సరిచేశాను. నోటి కొలత మళ్ళీ చూశాను, సరిగానే ఉంది.

మొదటి వాన పడిన మర్నాడు 8:30 దాటగానే ఫోన్ చెయ్యి. ముందు గ్లాసు అంకె చెప్పు, తర్వాత మిషన్ అంకె.

ఇట్లు,
మీ పెద్దనాన్న