ఆకు కదలని వేళ ఈదురుగాలి

ప్రశ్న: మేడ మీద ధ్వని తరంగాలతో గాలిని కొలిచే పరికరం పెట్టాను. సెన్సర్ల మధ్య దూరం 20 సెంటీమీటర్లు, తరంగాలు 40 కిలోహెర్ట్జ్. వాన వెలిశాక, ఆకు కూడా కదలనప్పుడు, ఉన్నట్టుండి సెకనుకు 7 మీటర్ల గాలి అని చూపిస్తోంది. మరుక్షణమే సున్నా. సెన్సర్ పాడైందా? ఈ అంకెను బట్టే మోటారుతో నడిచే గుడ్డ పందిరి ముడుచుకుంటుంది. ఎక్కడినుంచైనా చూసుకోవడానికి రౌటర్‌లో మోడ్‌బస్ (యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి) పోర్టు, అంటే ఇంటర్నెట్ నుంచి లోపలికి వచ్చే తలుపు, తెరిచాను.

జవాబు: సెన్సర్ పాడవలేదు. వానలు మొదలైతే చాలు, ఇదే ఫిర్యాదు వస్తుంది. జవాబు ఆ 7లోనే ఉంది.

గాలి వెంట వెళ్లే శబ్దం ముందుగా, ఎదురెళ్లే శబ్దం ఆలస్యంగా చేరుతుంది. ఆ రెండు సమయాల విలోమాల తేడా తీస్తే శబ్దవేగం లెక్కలోంచి తప్పుకుంటుంది. అందుకే ఎండ ముదిరినా, చలి పెరిగినా గాలి లెక్క చెడదు. ఈ విద్యలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. అయితే కొలవాల్సిన తేడా మరీ చిన్నది. మీ 20 సెంటీమీటర్లను శబ్దం దాదాపు 583 మైక్రోసెకన్లలో దాటుతుంది. సెకనుకు ఒక మీటరు గాలి తెచ్చే తేడా 3.4 మైక్రోసెకన్లే. మీ తరంగంలో ఒక్క అలకు పట్టే కాలం మాత్రం 25 మైక్రోసెకన్లు. సెన్సర్ ముఖం మీద నీటిబొట్టు నిలిచి ఒక దిశలో తొలి అల నీరసిస్తే, పరికరం దాన్ని వదిలేసి తరవాతి అలను పట్టుకుంటుంది. ఆ ఒక్క అల పొరపాటు విలువ సెకనుకు దాదాపు 7 మీటర్లు!

సంకేతం బలహీనపడిందని పరికరానికి తెలుస్తుంది. పడవల్లోని పరికరాలు వాడే ఎన్ఎమ్ఈఏ అనే సందేశ పద్ధతిలో, గాలి సందేశంలో కొలత చెల్లుతుందో లేదో చెప్పే అక్షరం ఒకటి ఉంటుంది. కొన్ని చౌక పరికరాల ఆప్‌లు దాన్ని దాచేస్తాయి. ఫిర్యాదులు పెరిగితే ఒక అప్‌డేట్ పంపి, అంకెలను నిమిషం సగటులో కలిపేస్తాయి. దాంతో దొంగ గాలితో పాటు నిజమైన గాలివిసురు కూడా మాయమవుతుంది. వాతావరణ శాస్త్రంలో గాలివిసురును 3 సెకన్ల సగటుతో లెక్కిస్తారు. నిమిషం సగటులో అది కనబడదు. ఇది మరమ్మతు కాదు, కప్పిపుచ్చడం.

నన్ను నిజంగా భయపెట్టింది మీ చివరి వాక్యం. మోడ్‌బస్ 1979లో కార్ఖానా యంత్రాల కోసం పుట్టింది. దాని అసలు రూపంలో పాస్‌వర్డ్ అన్న మాటే లేదు. తలుపు దాకా రాగలిగిన ప్రతివాడి మాటా వింటుంది, అమరికలు మార్చమన్నా మారుస్తుంది. సందేశం చివర ఉండే సరిచూపు సంఖ్య దారిలో అక్షరాలు చెడ్డాయో లేదో చెబుతుంది, పంపినవారెవరో చెప్పదు. ఎవరైనా మీ గాలి అంకెను సున్నా దగ్గర కట్టేస్తే తుపానులోనూ పందిరి చాచుకునే ఉంటుంది. పెద్ద క్రేన్లను ఆపాలా వద్దా అన్నది కూడా ఇలాంటి కొలతను చూసే తేలుస్తారు. గాలి కొలతలో రహస్యం ఏముందని చాలామంది రాస్తున్నారు. రహస్యం లేకపోవచ్చు, కానీ ఆ అంకె ఒక మోటారుకు ఆజ్ఞ ఇస్తోంది.

ముందు ఆ పోర్టు మూసేయండి. దూరం నుంచి చూడాలనుకుంటే వీపీఎన్ (మీకు మాత్రమే తెరుచుకునే రహస్య దారి) ద్వారా మాత్రమే చూడండి. కొన్ని సెకన్లు కొలత రాకపోయినా, అది చెల్లదని వచ్చినా, పెనుగాలి వచ్చినట్టే భావించి పందిరి ముడుచుకునేలా అమర్చండి. ఆ తరవాత మెత్తని గుడ్డతో సెన్సర్ల మీది నీటిబొట్లు తుడవండి.