పొగ ఎక్కడ లేచిందో ముందు తేల్చండి

ప్రశ్న: మా నాన్నగారు వాడిన ఐబీఎం పీసీ మొన్నమొన్నటి దాకా మా ఇంట్లో పనిచేస్తూనే ఉంది. దాని వేగం పెంచుదామని ఇంటెల్ ఇన్‌బోర్డ్ 386/పీసీ అనే పాత అప్‌గ్రేడ్ బోర్డును ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. 'పరీక్షించాను, పనిచేస్తోంది' అని ఆయన మెసేజ్ పెట్టాడు. పాత కంప్యూటర్లు బాగుచేసే టెక్నీషియన్‌కు రెండూ అప్పగించి, కూలి డబ్బు ఫోన్ నుంచి పంపాను. బిగించిన రోజు ఆయన నాకు రెండు ఫొటోలు పెట్టాడు. మర్నాడు, ఆన్ చేస్తే పొగ వచ్చిందని ఫోన్ చేశాడు. బోర్డే చెడ్డదని ఆయన అంటాడు, బిగించడం చేతకాలేదని అమ్మినాయన అంటాడు. 'చేసిస్తా, చేసిస్తా' అంటూ టెక్నీషియన్ నెలల తరబడి తిప్పాడు. చివరికి మూడు నెలల క్రితం ఎలా ఉన్నదాన్ని అలాగే తెచ్చేసుకున్నాను. పొగ వచ్చి ఇప్పటికి 22 నెలలు. నాన్నగారు పోయి ఏడాది అయింది, దాన్ని చూస్తే కన్నీళ్లు ఆగడం లేదు. రసీదు లేదు. టెక్నీషియన్ దగ్గర పని మానేసిన కుర్రాడు పాత తేదీ వేసి రాసిస్తానంటున్నాడు. ఇద్దరి మీదా చీటింగ్ కేసు పెట్టవచ్చా? ఈలోగా వేరే మదర్‌బోర్డు వేయిస్తే ఇబ్బంది ఉందా?

జవాబు: పొగ మదర్‌బోర్డు మీద ఏ చోటు నుంచి వచ్చింది? ఇంత పెద్ద ఉత్తరంలో ఆ ఒక్క మాట లేదు. నిజానికి మీ కేసు నిలిచేదీ పడేదీ దాని మీదే.

ఎందుకో చెబుతాను. ఆ కంప్యూటర్‌లో అసలు ప్రాసెసర్ ఇంటెల్ 8088, వేగం 4.77 మెగాహెర్ట్జ్, 40 కాళ్ల చిప్. ఇన్‌బోర్డ్ పెట్టాలంటే ఆ చిప్‌ను సాకెట్ నుంచి ఊడదీసి, దాని చోట బోర్డు నుంచి వచ్చే కేబుల్ ప్లగ్గును కూర్చోబెట్టాలి. బోర్డు మీదున్న 386 ప్రాసెసర్ అక్కడి నుంచి పని అందుకుంటుంది. 8088కి 5 వోల్టుల కరెంటు 40వ కాలి దగ్గర, గ్రౌండ్ (కరెంటు తిరిగి వెళ్లే దారి) 1, 20 కాళ్ల దగ్గర ఉంటాయి. ప్లగ్గును తలకిందులుగా పెడితే 40 ఉండాల్సిన చోట 20 వస్తుంది, 20 ఉండాల్సిన చోట 40 వస్తుంది. అంటే కరెంటు ఎదురు తిరుగుతుంది. అలా జరక్కుండా ఉండాలనే చిప్‌కు ఒక చివర గాడి, ప్లగ్గుకు ఒకటో కాలి గుర్తు ఉంటాయి. సాకెట్ దగ్గర, ప్లగ్గు కాళ్ల దగ్గర నల్లబడి ఉండి, ప్లగ్గు తిరగబడినట్టు కూడా కనిపిస్తే తప్పు బిగించిన చేతిది. అమ్మినాయన ఆ గొడవలోంచి బయటికి వెళ్లిపోతాడు.

కానీ ఇంకో దారి కూడా ఉంది. అది టెక్నీషియన్ తరఫు లాయరుకు తప్పకుండా తడుతుంది. ఆ కాలపు బోర్డుల మీద టాంటలం కెపాసిటర్లు (కరెంటును కాస్త నిలవచేసే చిన్న భాగాలు) ఉంటాయి. వయసు మీద పడ్డాక అవి లోపల షార్ట్ అయి, ఆన్ చేసిన క్షణంలోనే మంటతో పొగతో పేలిపోవడం పాత కంప్యూటర్లతో పనిచేసేవాళ్లకు బాగా తెలిసిన సంగతి. కాలింది సాకెట్‌కు దూరంగా ఉన్న ఒక కెపాసిటర్ మాత్రమే అయితే 'ఇది ముసలితనం, నా తప్పు కాదు' అని ఆయన అనగలడు. ఆ మాటలో బలం ఉంటుంది.

కాబట్టి వేరే మదర్‌బోర్డు వేయించవద్దు. స్క్రూ కూడా విప్పవద్దు, కరెంటు ఇచ్చి 'ఒకసారి చూద్దాం' అనుకోవద్దు. మీరు బాగుచేయించిన నిమిషంలోనే మీ సాక్ష్యం చెత్తబుట్టలో పడుతుంది. అసలు ఇంటికి తెచ్చిన రోజే, మూత తీసి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయాల్సింది. మూడు నెలలుగా దాన్ని ఇంట్లో పెట్టుకుని, ఎక్కడ కాలిందో కూడా చూడకపోవడం మీ అశ్రద్ధే. ఈ వారంలోనే ఈ కేసుతో సంబంధం లేని ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజినీరును పిలిపించి, ఆయన చేతే మూత తీయించి, అంతా వీడియో తీయించండి. ప్లగ్గు ఏ వైపు ఉంది, ఏది కాలింది, పవర్ సప్లై సంగతేమిటి అన్నవి ఆయన రాసివ్వాలి. మొదటి ఐబీఎం పీసీ పవర్ సప్లై 63.5 వాట్లే. కొత్త బోర్డుతో పాటు హార్డ్ డిస్క్ కూడా ఉంటే, కరెంటు భారం లెక్క చూసే బిగించాడా అని అడగడం న్యాయమైన ప్రశ్నే. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 39 ప్రకారం నిపుణుడి అభిప్రాయం సాక్ష్యంగా చెల్లుతుంది.

రెండో సాక్ష్యం మీరు అప్పట్లో వాడిన ఫోన్‌లో ఉంది. బిగించిన రోజు వచ్చిన ఆ రెండు ఫొటోల్లో ప్లగ్గు ఏ వైపు ఉందో కనబడితే కేసు సగం అక్కడే తేలుతుంది. వాటిని స్క్రీన్‌షాట్లు తీసి కొత్త ఫోన్‌లోకి పంపుకుని, పాతది ఎక్స్ఛేంజ్‌కు ఇచ్చేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టు ముందు పెట్టాలంటే అదే అధినియం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫోనే చేతిలో ఉంటే ఆ పని సులువు. అమ్మినాయన 'పరీక్షించాను' అన్న మెసేజ్, కూలి డబ్బు పంపిన రికార్డు, 'చేసిస్తా' అన్న మాటలు అన్నీ దానిలోనే ఉన్నాయి. కంప్యూటర్ ఇవ్వడానికి ముందు అది పనిచేస్తున్నట్టు ఇంట్లో ఎవరైనా తీసిన వీడియో ఉంటే అదీ వెతకండి.

రసీదు విషయంలో గట్టిగా చెప్పాలి. ఆ కుర్రాడి దగ్గర పాత తేదీ కాగితం తీసుకోవద్దు. అలాంటి దాన్ని నిజమైనదిగా చూపితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 340, తప్పుడు సాక్ష్యం ఇస్తే సెక్షన్ 229 మీ మీదికే వస్తాయి. అంతకన్నా ముందు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో సిరా గురించో, ఆ రోజు అతను పనిలో ఉన్నాడా అనో రెండు ప్రశ్నలు వేస్తే కాగితం కూలిపోతుంది. దానితో పాటు మీ నిజమైన ఫొటోల మీద కూడా అనుమానం పడుతుంది. పైగా మీకు ఆ కాగితం అవసరమే లేదు. డబ్బు వెళ్లిన రికార్డు, టెక్నీషియన్ పెట్టిన ఫొటోలు కలిసి రసీదు చేసే పనే చేస్తాయి.

చీటింగ్ కేసు కూడా వద్దు. న్యాయ సంహిత సెక్షన్ 318 నిలవాలంటే మోసగించాలన్న ఉద్దేశం మొదటి రోజు నుంచీ ఉందని చూపాలి. పని చెడగొట్టినంత మాత్రాన అది మోసం కాదు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతుంటే మీకు మిగిలిన రెండు నెలలూ కరిగిపోతాయి.

అవును, రెండు నెలలే. వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. 'చేసిస్తా' అన్న వాట్సాప్ మాటలతో ఆ గడియారం ఆగదు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు ఉంది కానీ, ఆ దయ మీద కేసును ఆధారపడేలా చేయకండి. ఒప్పందం మీరినందుకు సివిల్ కోర్టులో దావాకు మూడేళ్లు ఉంది. అయినా మీకు వినియోగదారుల కమిషనే దగ్గరి దారి. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా వేయవచ్చు.

ఫిర్యాదు ప్రధానంగా టెక్నీషియన్ మీదే ఉండాలి. కూలి తీసుకున్నాడు కాబట్టి అది సేవ, ఆ సేవలో లోపం ఉందని మీ వాదన. దానికి తోడు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 151 ఉంది. తన దగ్గర ఉంచిన వస్తువును, మామూలు వివేకం ఉన్న మనిషి అలాంటి సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. పొగ వచ్చింది ఆయన దగ్గరే, మీరు అక్కడ లేరు. ఆయన గదిలో ఏం జరిగిందో ఆయనకే తెలుసు, కాబట్టి జాగ్రత్త తీసుకున్నానని చూపించాల్సింది ఆయనే. మీరు చూపాల్సింది ఇచ్చేటప్పుడు కంప్యూటర్ బాగుందని. ఈ సంగతిలో చట్టం మీ వైపే ఉంది, అయితే కాలిన చోటు దానికి ఎదురు చెప్పకూడదు.

అమ్మినాయన మామూలు మనిషి, వ్యాపారి కాకపోతే ఆయన మీద వినియోగదారుల ఫిర్యాదు బలహీనమే. 'పరీక్షించాను' అని రాసి ఇచ్చినందుకు సివిల్ దావాకు ఆస్కారం ఉంటుంది, అదీ ఇంజినీరు రిపోర్టు బోర్డునే తప్పుపడితే.

నష్టపరిహారం అడిగేటప్పుడు నాన్నగారి జ్ఞాపకాన్ని ఒక పేరాలో రాయండి, అంతకు మించి వద్దు. మానసిక వేదనకు కమిషన్ కొంత ఇవ్వవచ్చు. కానీ అసలు మొత్తానికి అలాంటి కంప్యూటర్, అలాంటి మదర్‌బోర్డు ఇప్పుడు ఎంతకు దొరుకుతున్నాయో చూపే కాగితాలు కావాలి.

ఇంజినీరు రిపోర్టు రాగానే టెక్నీషియన్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. 15 రోజుల గడువు చాలు. జవాబు కోసం ఎదురుచూడకుండా ఈలోగా ఫిర్యాదు కాగితాలు సిద్ధం చేసుకోండి. నోటీసులో ఇంకో మాట తప్పక రాయించండి. సాకెట్ నుంచి తీసిన 8088 చిప్ మీకు తిరిగి ఇచ్చాడో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే అది ఇంకా ఆయన దగ్గరే ఉంది. పని అయిపోయాక వస్తువును తిరిగి ఇవ్వాలని కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 160 చెబుతుంది. ఆ చిప్ అడగండి, ఏ తేదీన ఇస్తాడో రాతపూర్వకంగా తీసుకోండి.