ఉట్టిలో కుండ లాంటి న్యూరాన్: తమ్ముడికి ఓ ఉత్తరం

తమ్ముడూ,

నీ డ్రాఫ్ట్ నిన్న రాత్రే చదివా, పొద్దున లేచి ఇంకోసారి చదివా. మెదడులో న్యూరాన్ల (నాడీకణాల) మధ్య నిండి ఉండే పదార్థం, అదే ఎక్స్‌ట్రాసెల్యులర్ మాట్రిక్స్, సబ్జెక్ట్ మంచిదే పట్టుకున్నావ్ గానీ మొదటి పేరాలోనే "న్యూరాన్లు ఇటుకలైతే ఎక్స్‌ట్రాసెల్యులర్ మాట్రిక్స్ సిమెంట్" అని రాసి దాని ప్రాణం తీసేశావ్. సిమెంట్ ఒకసారి పోశాక దాని మొహం ఎవడు చూస్తాడు చెప్పు, ఈ మాట్రిక్స్ మాత్రం ఊరికే ఉండదు, కథంతా అదే కదా.

కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు ఆక్సాన్లు, అంటే న్యూరాన్ల పొడుగాటి తోకలు, ఈ మాట్రిక్స్‌లోని లామినిన్ లాంటి ప్రోటీన్లని పట్టుకుని పాకుతాయి, చిక్కుడు తీగ పందిరి మీద పాకినట్టు. పెద్దయ్యాక కొన్ని న్యూరాన్ల చుట్టూ హయలురొనాన్, అగ్రెకాన్ అనే మాట్రిక్స్ పదార్థాలు కలిసి ఒక వల అల్లుతాయి, పెరిన్యూరోనల్ నెట్ అంటారు. అమ్మమ్మ వాళ్ళింట్లో ఉట్టి చూశావు కదా, తాళ్ళ సందుల్లోంచి కుండ కనబడుతుంది, ఇక్కడా అంతే, ఆ సందుల్లోనే పక్క న్యూరాన్లు వచ్చి సైనాప్స్, అంటే కబురందించే జాయింట్, పెట్టుకుంటాయి. సిమెంట్ తీసేసి ఇది పెట్టు.

ఇటలీ శాస్త్రవేత్త గాల్జీ గురించి చివర్లో ఒక్క లైనా?! ఆయన ఈ వలని 1898లోనే చూసి రాశాడు, స్పెయిన్ శాస్త్రవేత్త కహాలేమో అది కణాలకి రంగు వెయ్యడంలో వచ్చిన తేడా అని కొట్టిపారేశాడు, 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపే ఇచ్చారు. న్యూరాన్లు విడివిడి కణాలన్న వాదంలో గెలిచింది కహాలే, వల విషయంలో మాత్రం గాల్జీ చూసింది నిజమే. ఇంత గొడవ చేతిలో పెట్టుకుని దాచుకుంటావేంట్రా.

ఇక అసలు తప్పు. 2002లో కాండ్రాయిటినేజ్ అనే ఎంజైమ్‌తో మాట్రిక్స్‌లోని కాండ్రాయిటిన్ అనే చక్కెర గొలుసుల్ని కోస్తే వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకల్లో కదలిక కొంత తిరిగొచ్చింది, అదే ఏడు పెద్ద ఎలుకల చూపు కార్టెక్స్‌లో, అంటే మెదడులో చూపుకి సంబంధించిన భాగంలో, చిన్నప్పటి మార్పుగుణం కూడా మళ్ళీ కనబడింది. నువ్వేమో "పక్షవాతానికి మందు దొరికింది" అని హెడ్డింగ్ కొట్టావ్. ఎలుకలు బాబూ, ఎలుకలు. నేనూ కొత్తలో ఇలాంటి హెడ్డింగే పెట్టి ఎడిటర్ చేత తిట్లు తిన్నాలే. ఆ ఎంజైమ్ దెబ్బకి వల కూడా తెగుతుంది, అలా వల పోతే అంతా మంచే అని కూడా అనుకోకు, భయం జ్ఞాపకాలు చెరిగిపోకుండా కాపాడేది అదేనని 2009లో ఎలుకల్లోనే తేలింది, అంటే వల అనే తాళం తీస్తే పనికొచ్చేవీ బయటికి పోవచ్చు. రోజర్ సియెన్ అనే శాస్త్రవేత్త 2013లో, ఏళ్ళ తరబడి ఉండే జ్ఞాపకాలు ఆ వల కన్నాల అమరికలోనే ఉంటాయేమో అన్నాడు, ఆ "ఏమో" నీ ఆర్టికల్లో ఎగిరిపోయింది, మళ్ళీ పెట్టు.

ఇంకోటి, మీ ఇంట్లో పెద్దవాళ్ళ మోకాళ్ళ నొప్పుల టాబ్లెట్ స్ట్రిప్ ఉంటే వెనక చదువు, కొన్నిటి మీద కాండ్రాయిటిన్ అని ఉంటుంది. కీళ్ళ మృదులాస్థిలోనూ ఈ వలలోనూ ఉండేది ఆ జాతి సరుకే, అక్కణ్ణుంచి మొదలెట్టు, జనం చదువుతారు. ఆ బిళ్ళ మింగితే జ్ఞాపకశక్తి పెరుగుతుందని మాత్రం రాయకు, రాస్తే ఫోన్ చేసి మరీ తిడతా. ఆదివారంలోపు పంపు.

మీ అన్న