ఇటాలియన్ వీడియోలు: సబ్‌టైటిల్స్ తీసేస్తే మాటలు కలిసిపోతున్నాయన్న ప్రశ్నకు

ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో అర్థమవుతోంది, తీసేస్తే ఏమీ అందట్లేదన్నారు కదా. అంటే మీరు చదువుతున్నారు, వినట్లేదు. ముందు ఇంగ్లిష్‌వి ఆపేయండి.

బార్‌లో కాఫీ అడిగే సన్నివేశం లాంటిది 30 సెకన్ల ముక్క చాలు. రెండుసార్లు ఉత్తగా వినండి, విన్నది తెలుగు లిపిలో రాయండి, ఆ తర్వాతే ఇటాలియన్ సబ్‌టైటిల్స్‌తో సరిచూడండి. వాటంతట అవి పుట్టే సబ్‌టైటిల్స్‌లో తప్పులుంటాయి, మనుషులు రాసినవే ఎంచుకోండి.

తెలుగు లిపే ఎందుకంటే, ఇటాలియన్‌లోనూ ద్విత్వం అర్థాన్ని మార్చేస్తుంది: 'నోనో' తొమ్మిదవది, 'నొన్నో' తాత, 'పాల' పార, 'పల్ల' బంతి. ఒత్తులకు అలవాటుపడ్డ మన చెవికి ఇది పెద్ద వరం! 'చెలొ' అని ఒక్క మాటలా వినిపించేది నిజానికి మూడు మాటలు (ce l'ho), అర్థం 'నా దగ్గర ఉంది' అని. ఇలాంటి చోట వేగం 0.75కి తగ్గించి వినండి, పట్టుబడ్డాక మామూలు వేగంలో వాళ్లతోపాటే పలకండి. త, దలను మన త, దల్లాగే పలకాలి, ట, డలు వద్దు.