పాత ఆటోమేటిక్ కారు కొన్న మేనల్లుడికి

చిరంజీవి కిరణ్‌కు,

ఆశీస్సులు. పాత ఆటోమేటిక్ సెడాన్ కొన్నావని, ఆ గేర్‌బాక్స్ ఏ రోజైనా మొరాయిస్తుందని నిన్ను అందరూ భయపెడుతున్నారని రాశావు. భయపడకు. ఆ గేర్‌బాక్సులు మనుషులు చెప్పుకునేంత సుకుమారం కావు. ఆయిల్ శుభ్రంగా ఉండాలి, వేడి హద్దు దాటకూడదు. నేను చెప్పబోయేదంతా ఈ రెండింటి చుట్టూ తిరిగేదే.

ఇంజన్ శక్తిని టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉండే జోడింపు) ద్వారా ముందుకు అందించేది ఆ గేర్‌బాక్స్ ఆయిలే. ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను బిగించి గేర్లు మార్చేదీ అదే, వేడిని బయటికి మోసుకుపోయేదీ అదే. అందుకే ముందు దాన్ని చూడడం నేర్చుకో. నీ కారుకు గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) ఉంటే అదృష్టమే. చాలా కార్లలో దీని పద్ధతి ఇది: కాసేపు నడిపి ఆయిల్ వేడెక్కాక, చదునైన చోట ఆపి, బ్రేక్ తొక్కి ఉంచి లివర్‌ను అన్ని స్థానాలకూ ఒకసారి తిప్పు. తిరిగి పార్క్‌లో పెట్టి, ఇంజన్ ఆపకుండానే చూడాలి. కొన్ని కంపెనీలు ఇంజన్ ఆపి చూడమంటాయి, కాబట్టి మాన్యువల్‌లో ఆ పేజీ చదివాకే మొదలుపెట్టు. డిప్‌స్టిక్ లేని కార్లలో ఫలానా ఉష్ణోగ్రత దగ్గర కింద ప్లగ్గు విప్పి మట్టం చూస్తారు. అది లిఫ్ట్ ఉన్న మెకానిక్‌కు వదిలెయ్.

ఒక చుక్కను తెల్ల కాగితం మీద వెయ్యి. ఎక్కువ రకాల ఆయిళ్లు కొత్తలో ఎర్రగా, పారదర్శకంగా ఉంటాయి. గోధుమ రంగుకు తిరిగితే మార్చే వేళ అయిందనుకో. నల్లబడి మాడు వాసన వస్తుంటే లోపల క్లచ్ ప్లేట్లు కాలాయన్నమాట. పాలు కలిపినట్టు గులాబీ రంగులో ఉంటే మాత్రం కారు కదపకు. రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడి కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోంది. ఆలస్యమైతే క్లచ్ ప్లేట్ల మీది పూత ఊడిపోతుంది.

"ఈ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు" అని ఎవరైనా అంటే, ఎవరి జీవితాంతమో అడుగు! నా లెక్కలో 60,000 నుంచి 80,000 కిలోమీటర్లకొకసారి మార్చడం మంచిది. ట్రాఫిక్‌లో, కొండదారుల్లో ఎక్కువ తిరిగితే ఇంకా ముందే. అయితే కింద ప్లగ్గు విప్పితే సగం ఆయిల్ కూడా రాకపోవచ్చు, మిగతాది కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. అందుకని ఒకసారి మార్చి, కొన్ని వందల కిలోమీటర్లు నడిపి, మళ్లీ మార్చు. ఎంత ఆయిల్ దిగిందో కొలిచి అంతే పొయ్యి. ఎక్కువైతే నురగ కడుతుంది, అదీ చెడుపే. ఆయిల్ రకంలో బేరాలొద్దు. డెక్స్‌రాన్ అనే రకం ఆయిల్ అడిగే గేర్‌బాక్స్‌లో, సీవీటీ అనే వేరే తరహా గేర్‌బాక్స్‌కు వాడే ఆయిల్ పోస్తే చేజేతులా పాడుచేసుకున్నట్టే. మాన్యువల్‌లో ఏ పేరు ఉందో ఆ ప్రమాణానికి సరిపోయేదే తీసుకో.

గేర్‌బాక్స్ కింద ఆయిల్ నిలిచే అడుగు పళ్లెం విప్పినప్పుడు నువ్వు పక్కనే ఉండు. దానిలో చిన్న అయస్కాంతాలు ఉంటాయి. వాటి మీద కాటుకలా మెత్తని బూడిద రంగు ముద్ద పేరుకుని ఉంటే అది మామూలు అరుగుదల, తుడిచి మళ్లీ పెట్టించు. వేలికి గుచ్చుకునే లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం ఆయిల్ మార్పుతో తేలే వ్యవహారం కాదు. ఫిల్టరూ గాస్కెట్టూ అప్పుడే మార్పించు.

పాత గేర్‌బాక్స్‌కు కొత్త ఆయిల్ పోస్తే చెడిపోతుందని కూడా విని ఉంటావు. అప్పటికే జారుతున్న క్లచ్‌లను ఏ ఆయిలూ బాగుచేయదు, నింద మాత్రం కొత్త ఆయిల్ మీద పడుతుంది. గేర్లు సాఫీగా పడుతున్నంతకాలం ఆయిల్‌ను నిశ్చింతగా మార్చుకోవచ్చు. యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగే పద్ధతిని చరిత్ర తెలియని పాత బండికి నేను ఒప్పుకోను.

నడపడంలో జాగ్రత్తలు కొన్నే. రివర్స్ నుంచి డ్రైవ్‌కు మార్చేముందు కారు పూర్తిగా ఆగాలి. వాలులో నిలిపేటప్పుడు బ్రేక్ తొక్కి ఉంచి, ముందుగా హ్యాండ్‌బ్రేక్ వేసి, బరువు దాని మీదికి వచ్చాక పార్క్‌లో పెట్టు. చెడిపోయిన కారును, ఇంజన్ తిప్పే చక్రాలు నేల మీద ఉండగా లాగించకు. ఇంజన్ ఆగితే పంపు తిరగదు, లోపలి భాగాలకు ఆయిల్ అందదు.

డ్రైవ్‌లో పెట్టాక కారు కదలడానికి ఆలస్యమైనా, ఇంజన్ వేగం పెరిగి కారు వేగం పెరగకపోయినా వెంటనే చూపించు. కానీ చిన్న కుదుపుకే "గేర్‌బాక్స్ విప్పాలి" అనే మెకానిక్‌ను నమ్మకు. ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు (ఇంజన్ మౌంట్లు) పగిలినా కుదుపు అలాగే వస్తుంది. ముందు అవి చూడమను, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివించు, ఆయిల్ మట్టం చూడు. ఆ తర్వాతే మిగతా మాట.

నీ కారు మాన్యువల్‌లో ఏ ఆయిల్ రాసి ఉందో, కాగితం మీద చుక్క ఏ రంగులో ఉందో నాకు రాయి. ఒకేసారి మార్చాలో రెండు విడతలుగా మార్చాలో అప్పుడు చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య