బోనులో నిలబడ్డ మనిషి

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన కోర్టు కథ రెండుసార్లు చదివాను. సెల్‌ఫోన్ సీను చాలా బాగుంది. జడ్జిగారి ముందు ఫోన్ మోగితే, అందరితో పాటు దాని ఓనరు కూడా ఎవరిదా అని చుట్టూ చూడటం కళ్లారా చూసినవాళ్లే రాయగలరు. కానీ వెంటనే "కోర్టంతా పగలబడి నవ్వింది" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్. నవ్వాలో వద్దో చదివేవాళ్లు తేల్చుకుంటారు.

నా ప్రాక్టీసు కొత్తలో ఒక సాక్షిని, "ముద్దాయి ఈ హాల్లో ఉంటే చూపించు" అన్నారు. అతను నింపాదిగా అందరినీ చూసి నా వైపు వేలు చూపించాడు. ప్రతి వాయిదాకీ లేచి నిలబడి మాట్లాడింది నేనే మరి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రే దాన్ని కథగా రాసేశాను. అందులో నేను రాయనిది ఒకటుంది. నవ్వులు వినగానే అతను బోను కర్రను రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. దిగి వచ్చాక గుమ్మం దగ్గర నన్నే ఆపి, "తప్పు చెప్పానా బాబూ, నన్ను లోపలేస్తారా?" అని అడిగాడు. నేను అవతలి పక్షం లాయర్నని కూడా అతనికి తెలియదు. అసలు కథ అక్కడుంది. నేను ఆ వేలు దగ్గరే ఆగిపోయాను. అది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కోర్టులో వింతగా ప్రవర్తించేవాళ్లలో చాలామందిది టెన్షనే. పేరు పిలవగానే బడిలోలా "ప్రెజెంట్ సార్" అన్నవాణ్ణి చూశాను. నిజమే చెబుతానని ప్రమాణం చేయమంటే, "మొత్తం చెప్పాలా, అడిగినంతవరకేనా?" అన్న పెద్దాయన్నీ చూశాను. ఆయన ప్రశ్న చాలా న్యాయమైనది. ప్రమాణమేమో పూర్తి నిజం చెప్పమంటుంది, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి పక్షం లాయరేమో అవును, కాదు అంటే చాలంటాడు.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 18, రూల్ 12 చదువు. సాక్ష్యం చెప్పేటప్పుడు సాక్షి తీరు ఎలా ఉందో, ముఖ్యమనిపిస్తే జడ్జి రాసిపెట్టవచ్చు. నువ్వూ అలా రాసుకో. కాకపోతే తడబాటు కనిపిస్తే తడబాటనే రాయి, అబద్ధమని రాయకు.

2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో వీడియో విచారణ జరుగుతుంటే ఒక లాయరు ముఖానికి బదులు పిల్లిపిల్ల బొమ్మ వచ్చింది. "నేను పిల్లిని కాను" అని ఆయన కంగారుగా చెప్పడం చూసి లోకమంతా నవ్వింది. నాకు నచ్చింది ఆ జడ్జి. ఎగతాళి చేయలేదు, ఫిల్టర్ ఆన్‌లో ఉన్నట్టుంది, సెట్టింగ్స్ చూడమన్నారు. నీ కథ ఆ గొంతుతో నడవాలి.

క్లయింటు నీకు నమ్మి చెప్పుకున్నది మాత్రం కథలోకి తేకు. కేసు ముగిసినా సరే. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమ్, సెక్షన్ 132 అదే చెబుతుంది.

ఇంతకీ నీ కథలో అతను ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు. ఆ సమయంలో అతనికి ఫోన్ చేసింది ఎవరు? బయటికి వచ్చాక తిరిగి చేశాడా? అది రాసి మళ్లీ పంపు.

ఆశీస్సులతో.