ఫ్లాట్‌లో ఉంటూ, ఇద్దరూ ఉద్యోగాలు చేస్తూ జాక్ రస్సెల్ టెర్రియర్‌ని పెంచుకోవచ్చా?

చిన్న సైజే కదా, ఫ్లాట్‌లో ఇబ్బంది ఉండదు కదా అని అడిగారు. ఏళ్ల తరబడి ఒకదాంతో కాపురం చేస్తున్నా కాబట్టి చెప్తున్నానండి, సైజు సంగతి ముందు మర్చిపోండి. 5-6 కిలోల బరువు, 25-30 సెంటీమీటర్ల ఎత్తు, చూడ్డానికి ఇంతే, కానీ ఇంట్లో ఎటు చూసినా అదే కనబడుద్ది.

అసలు దీన్ని ఏ పనికోసం తయారు చేశారో తెలిస్తే సగం విషయం అర్థమైపోతుంది. ఇంగ్లండ్‌లో డెవన్ అనే చోట జాన్ రస్సెల్ అని ఒకాయన (1795-1883), చేసేది చర్చిలో పాస్టర్ పని, ప్రాణమంతా నక్కల వేట మీద. 1819లో ఆక్స్‌ఫర్డ్‌ దగ్గర ఒక పాలవాడి కుక్క నచ్చి కొనేసుకున్నాడు, దాని పేరు ట్రంప్ (నవ్వకండి, నిజంగా అదే పేరు), ఈ వంశం దాన్నుంచే మొదలైంది. పెద్ద కుక్కలు తరిమితే నక్క బొరియలో దూరుతుంది కదా, దాని వెనకే దూరి బయటికి తోలడం వీటి డ్యూటీ. నక్క అనుకుని పొరబడకుండా ఒళ్లు ఎక్కువ తెల్లగా ఉండేవాటినే ఏరి పెంచారు. ఇప్పుడు ఆలోచించండి, భూమి లోపల చీకట్లో యజమాని మాట వినబడదు, ఏం చెయ్యాలో అదే తేల్చుకోవాలి, అడ్డమొస్తే తవ్వుకోవాలి, ఎక్కడుందో పైవాళ్లకి తెలియడానికి ఆపకుండా మొరగాలి. మాట వినదు, తవ్వేస్తుంది, మొరుగుతుంది అని మనం పెట్టే కంప్లైంట్లు మూడూ దాని జాబ్ డిస్క్రిప్షన్ అన్నమాట.

ఇంక అందరూ ఇచ్చే సలహా బాగా పరిగెత్తించండి, అలిసిపోయి పడుకుంటుంది అని. నేను ఒప్పుకోను. గంటలు గంటలు బాల్ విసురుతూ కూర్చుంటే దాని స్టామినా పెరుగుద్ది అంతే, రేపు ఇంకాసేపు కావాలంటుంది. 1979-82 మధ్య బాతీ అనే జాక్ రస్సెల్ భూమిని ధ్రువాల మీదుగా చుట్టొచ్చిన ట్రాన్స్‌గ్లోబ్ అనే సాహసయాత్ర బృందంతో వెళ్లి రెండు ధ్రువాలూ చూసొచ్చింది, అలాంటి జాతిని మీరు బాల్‌తో అలిసిపోయేలా చేస్తారా. రోజుకి గంటకి తగ్గకుండా నడక ఎలాగూ తప్పదు, ఆ నడకలో కూడా లాక్కుపోకుండా దానికి కావలసినంతసేపు వాసన చూడనివ్వండి, దాన్ని అలసగొట్టేది ముక్కుకి పెట్టే పనే.

నేను చేసేది ఏంటంటే పాత టవల్ పరిచి డ్రై ఫుడ్ గింజలు చల్లి గట్టిగా చుట్టి ముడేసి ఇస్తా. చూడాలండి అప్పుడు దాని వాలకం. తోక నిక్కబొడుచుకుని చుట్టూ ఒక రౌండ్ వేస్తుంది, ముందు కాలు ఒకటి గాల్లోకి ఎత్తి ఆగిపోతుంది, ముక్కు తప్ప ఇంకేదీ కదలదు, తర్వాత ఒక కొస పంటితో పట్టి రెండో కొస కాలితో తొక్కిపెట్టి గుర్రుమంటూ లాగుద్ది, గింజ ఒకటి రాలితే అది తిని మళ్లీ ముక్కు లోపలికి తోసేస్తుంది. మొత్తం అయ్యాక నీళ్లు తాగి వెనక కాళ్లు బార్లా చాపుకుని నేల మీద పడి నిద్రపోతుంది, బాల్ ఆడినప్పుడు ఇలా ఎప్పుడూ పడుకోలేదు. బాల్కనీలో ఒక టబ్ నిండా ఇసుక పోసి బొమ్మలు పాతిపెడతా, తవ్వుకోవడం అక్కడే. ఈ టబ్ వచ్చాకే సోఫా కుషన్లు బతికి బట్టకట్టాయి.

బయట మాత్రం లీష్ వదలొద్దు, ఎంత ట్రైనింగ్ అయినా సరే. ఉడుత కనబడిందంటే చెవులు పనిచెయ్యడం మానేస్తాయి, మీ చేతిలో ఏ ట్రీట్ ఉన్నా లెక్కలేదు. ఇంట్లో కుందేలో, హ్యామ్‌స్టరో ఉంటే ఈ ఆలోచనే పెట్టుకోకండి. జుట్టు పొట్టిదే కాబట్టి రాలదు అనుకుంటారేమో, నల్ల ప్యాంట్ వేసుకుని ఒక్కసారి ఒళ్లో కూర్చోబెట్టుకోండి చాలు.

ఇక మీ ఉద్యోగాల సంగతి. పొద్దున్న వెళ్లి సాయంత్రం వస్తాం, మధ్యలో ఎవరూ రారు అంటే మాత్రం తెచ్చుకోవద్దనే చెప్తా, అది మొరిగే మొరుగుడికి పక్క ఫ్లాట్ వాళ్లతో గొడవలు, తలుపు దగ్గర గీకుళ్లు, పాపం దానికీ నరకమే. ఒకరు వర్క్ ఫ్రమ్ హోమ్ అయినా, మధ్యాహ్నం వచ్చి కాసేపు తిప్పేవాళ్లు ఉన్నా ధైర్యంగా తెచ్చుకోండి.

తెచ్చుకునేటట్టయితే కుక్కపిల్ల తల్లిదండ్రుల కంటి రిపోర్టులు అడగండి. ఈ జాతిలో కంట్లో లెన్స్ జారిపోయే జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది, దానికి జీన్ టెస్ట్ ఉంది, మోకాలి చిప్ప జారడం, చెవుడు కూడా కొన్నింటిలో ఉంటాయి. తర్వాత ఎప్పుడైనా కన్ను ఎర్రబడి మూసుకుంటూ ఉంటే రేపు చూద్దాంలే అనొద్దు, లెన్స్ జారితే కంట్లో ప్రెజర్ పెరిగి చూపు పోవచ్చు, ఆ రోజే వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. మామూలుగా 13 నుంచి 16 ఏళ్లు బతుకుతాయి, పదేళ్లు దాటాక కూడా సోఫా మీంచి దూకుతూనే ఉంటాయి, కాబట్టి ముసలైతే నెమ్మదిస్తుందిలే అనే లెక్క కూడా వేసుకోకండి.